నేరం ఒకరిది, బాధ్యత అందరిది

ఊళ్ళో దొంగతనం జరిగితే తెల్లారేసరికి పోలీసు జీపు ఎక్కడ ఆగుతుందో ఎరుకల కాలనీలో, యానాది సంఘంలో పెరిగినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా, బాపట్ల నుంచి సముద్రపు ఒడ్డు దాకా మన పెద్దల నోట ఈ మాట ఎన్నిసార్లో విన్నాం. వస్తువు ఎవరు తీశారన్నది తర్వాత తేలుతుంది, ఒక్కోసారి తేలనే తేలదు. ముందు మాత్రం మన మగపిల్లలు స్టేషన్‌కు వెళ్ళి కూర్చోవాలి.

అదే కాలనీకి ఇంకో కష్టం కూడా ఉంది. నాటుసారా ప్యాకెట్లు ముందు దిగేది అక్కడే. గంజాయి పొట్లం చేరవేయడానికి కుర్రాళ్ళు కావాలనుకున్నవాడు ముందు తొంగిచూసేది అక్కడే. అడ్వాన్సు చేతిలో పెట్టి కుటుంబాన్ని మొత్తంగా రొయ్యల చెరువు గట్టుకో, ఇటుక బట్టీకో తోలుకుపోయే మనిషి వచ్చేదీ అక్కడికే. ముఠాల వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది మనం. ముఠా అనగానే ఊరు వేలెత్తి చూపేదీ మనల్నే.

ముఠాల నేరాల వల్ల జనానికి జరిగే కీడును తగ్గించే పని పంచాయతీది, మునిసిపాలిటీది, జిల్లా యంత్రాంగానిది. ఆ పని న్యాయంగా జరగాలంటే ఏం కావాలి? నేరానికీ బాధ్యతకీ ఉన్న తేడా తెలియాలి అని నా అభిప్రాయం. నేరం చేసినవాడిది. దాన్ని పక్కవాడికి అంటగట్టకూడదు. బాధ్యత అలాంటిది కాదు, అందరూ తలా కొంత మోయాల్సింది. మన ప్రాంతంలో నూరేళ్ళకు పైగా ఇది తల్లకిందులుగా నడిచింది. నేరాన్ని కులమంతటికీ పంచారు. బాధ్యతను మాత్రం ఒక్క పోలీసు స్టేషన్‌కు వదిలేశారు.

ఉప్పు బస్తా నుంచి హాజరు పట్టీకి

బాపట్ల దాటి చీరాల వైపు వెళ్తే స్టూవర్టుపురం స్టేషన్ వస్తుంది. ఆ పేరు వినగానే సంచి ఒళ్ళోకి లాక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1991లో వచ్చిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ నుంచి 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా సినిమాలు కూడా ఆ పేరును దొంగతనంతోనే ముడిపెట్టాయి. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఒకప్పుడు ఎరుకలవాళ్ళు కోస్తాలో ఉప్పు కొని ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి జిల్లాలకు తీసుకెళ్ళేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో అక్కడి ధాన్యం తెచ్చేవాళ్ళు. సంచారం వాళ్ళ వ్యాపారంలో భాగం. 19వ శతాబ్దంలో ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం బిగిసింది. రైళ్ళు వచ్చి బస్తాలు మోసే పని పోయింది. అడవి చట్టాలు వచ్చి బుట్టలల్లే వెదురు అందకుండా పోయింది. 1876-78 నాటి పెద్ద కరువు పడింది. బతుకుదెరువు పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే తెల్లదొరల ప్రభుత్వానికి వాళ్ళంతా దొంగల్లా కనిపించారు. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ‘డిజానర్డ్ బై హిస్టరీ’ అనే పుస్తకంలో వివరంగా రాశారు. టీచర్లు తప్పక చదవాల్సిన పుస్తకం అది.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. మన గుంటూరు జిల్లా అప్పుడు అందులోనే ఉంది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ఎరుకలవాళ్ళను అప్పగించి, బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంట్ పెట్టించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. వేలిముద్రలు, రోజువారీ హాజరు, బయటికి వెళ్ళాలంటే పాసు. చీరాలలో పొగాకు కంపెనీ వచ్చాక దానికి కూలీలు కూడా ఈ సెటిల్‌మెంట్ నుంచే వెళ్ళారు. కాపలా ఒకరిది, లాభం ఇంకొకరిది.

ఆ చట్టం మనిషిని ‘నువ్వేం చేశావు’ అని అడగలేదు, ‘నువ్వెవరికి పుట్టావు’ అని అడిగింది. నేరం అనే మాటకు అర్థం రావాలంటే మనిషికి చేయడానికీ మానడానికీ అవకాశం ఉండాలి. పుట్టుకలో అలాంటి అవకాశం ఎవరికీ లేదు. తొట్టిలో ఉన్న బిడ్డకు నేరం అంటగట్టినవాడు న్యాయం అనే మాటనే చెరిపేశాడన్నమాట.

మద్రాసులో ఈ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులవాళ్ళు ఆ రోజును పండగగా చేసుకోవడం అందుకే. కానీ చట్టం పోయినా చూపు పోలేదు. 1962లో మన రాష్ట్రంలో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. అది కాగితం మీద వ్యక్తికి సంబంధించినదే అయినా, స్టేషన్లలో పాత జాబితాల అలవాటు కొనసాగింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పుపట్టింది. నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా దేశపు అత్యున్నత న్యాయస్థానం ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే, ఆ చూపు ఎంత లోతుగా పాతుకుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. దొంగతనాలు జరగలేదని కాదు. స్టూవర్టుపురం నుంచి వెళ్ళిన ముఠాలు ఉన్నాయి, వాళ్ళ వల్ల భయపడిన ఇళ్ళూ నష్టపోయిన కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళ భయాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు. 1970ల్లో గోరా కుమారుడు లవణం, జాషువా గారి అమ్మాయి హేమలత లవణం అక్కడికి వెళ్ళి పనిచేసినప్పుడు ఈ రెండు సంగతులనూ కలిపి చూశారు. ఇళ్ళలోకి వెళ్ళారు, పేరు పెట్టి పిలిచారు, మనిషి మారగలడని నమ్మారు, మారినవాడికి బతుకు చూపించాల్సింది ప్రభుత్వమేనని గట్టిగా అడిగారు. లాఠీ చేయలేని పని అక్కడ కొంత జరిగింది. ‘సంస్కరణ’ అనే మాట ఊరంతటికీ వాడటంలో నాకు ఇబ్బంది ఉంది. పొలం చేసుకునేవాడికీ బడికి వెళ్ళే పిల్లకీ సంస్కరణ దేనికి? అయినా ఆ దంపతులు మనిషిని మనిషిగా చూశారన్నది కాదనలేం.

ముఠా అంటే ఎవరు?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరానికి 111వ సెక్షన్ పెట్టారు. మనుషుల అక్రమ రవాణా, మత్తుపదార్థాలు, భూకబ్జా, కిరాయి హత్యలు, సైబరు నేరాలు అందులో ఉన్నాయి. 112వ సెక్షన్ చిన్న తరహా ముఠా నేరాల గురించి చెబుతుంది. గుంపుగా చేసే దొంగతనాలు, జేబులు కొట్టడం, బెట్టింగు, పరీక్ష పేపర్లు అమ్మడం ఇందులోకి వస్తాయి. టీచర్లు ఈ రెండు సెక్షన్లనూ ఒకసారి చదవాలి. 111 కింద ఒకరిని పట్టాలంటే ఆ నేరం కొనసాగుతూ ఉండాలి, గత పదేళ్ళలో ఒకటికి మించి చార్జిషీట్లు కోర్టులో దాఖలై ఉండాలి. చట్టం ఇక్కడ కులాన్ని అడగలేదు, రుజువులు అడిగింది. 112లో అంత గట్టి కంచె లేదు కాబట్టి, ‘గుంపు’ అనే మాటను ‘కాలనీ’ అని చదివే ప్రమాదం అక్కడే ఎక్కువ.

గంజాయినే తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో పండించేది ఎక్కువగా మన ఆదివాసీ సోదరులే. పెట్టుబడి పెట్టేవాడు వేరు, కొనేవాడు వేరు. సంచి మోసేది మళ్ళీ పేద కుర్రాడు. కింద మైదానంలో పొట్లాలు కట్టి అమ్మేదీ పేదవాడే. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం 20 కిలోల గంజాయి దాటితే కనీసం పదేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆ సంచి మోసినందుకు కుర్రాడికి దక్కేది కొద్ది రోజుల కూలి. మొక్క దగ్గర ఆదివాసీ, చివర పొట్లం దగ్గర ఆదివాసీ లేదా దళితుడు, మధ్యలో డబ్బు లెక్కపెట్టేవాడు కనపడడు. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికారు. 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం పెట్టారు, 1972 నంబరు ఇచ్చారు. ఇవి అవసరమే. కానీ గొలుసులో రెండు చివరలు పట్టుకుని మధ్యను వదిలేస్తే, ఆ మధ్యవాడు ఇంకో కాలనీ వెతుక్కుంటాడు.

2025 మే చివర్లో తెనాలి ఐతానగర్ వీడియో ఒకటి రాష్ట్రమంతా చూసింది. ముగ్గురు యువకులను పోలీసులు నడివీధిలో కూర్చోబెట్టి అరికాళ్ళ మీద లాఠీలతో కొట్టారు. వాళ్ళు కానిస్టేబుల్ మీద దాడి చేశారని, పాత కేసులున్నాయని పోలీసులు చెప్పారు. ఆ ఆరోపణలు నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు. ఆ వీడియో చూసి ‘బాగా బుద్ధి చెప్పారు’ అన్నవాళ్ళు మన స్టాఫ్ రూముల్లోనే ఉన్నారు. వాళ్ళను నేను అడిగేది ఇదే. ఆ దెబ్బల వల్ల మత్తు సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిందా? ఏ ఇల్లైనా అప్పు నుంచి బయటపడిందా? చూసిన పిల్లలకు చట్టం మీద గౌరవం పెరిగిందా? ఒకవేళ వాళ్ళు నిజంగానే నేరం చేశారనుకున్నా, శిక్ష వేయాల్సింది రోడ్డు కాదు. ఈ రోజు ఎవరికో తగిలిన లాఠీకి చప్పట్లు కొట్టినవాడు, రేపు అది తన బిడ్డకు తగిలినప్పుడు ఏ నోటితో న్యాయం అడుగుతాడు?

పంచాయతీ చేతిలో ఏముంది?

ముఠా మన దగ్గరికి తుపాకీతో రాదు, సాయం పేరుతో వస్తుంది. జబ్బు చేసినప్పుడు, పెళ్ళి వచ్చినప్పుడు, వానాకాలంలో పని లేనప్పుడు అడ్వాన్సు ఇస్తుంది. రేషను కార్డు, ఆధారు, ఇంటి స్థలం పట్టా లేని యానాది కుటుంబానికి బ్యాంకు అప్పివ్వదు, చెరువు యజమాని ఇస్తాడు. తర్వాత ఆ అప్పు తీరదు. కాబట్టి ముఠా కీడును తగ్గించడం అంటే, ముఠా చేస్తున్న ఆ ‘సాయాన్ని’ హక్కుగా ప్రభుత్వమే చేయడం. ఇది పోలీసు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇందుకు మంచి ఆయుధం. దాని ప్రకారం వెట్టి అప్పు రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. జిల్లాలోనూ ప్రతి రెవెన్యూ డివిజన్‌లోనూ ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి, అందులో ముగ్గురు ఎస్సీ లేదా ఎస్టీ సభ్యులు ఉండాలి. విడిపించిన కుటుంబానికి వెంటనే 30 వేల రూపాయల దాకా సాయం, తర్వాత పునరావాసం ఉంటాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె డివిజన్లలో ఆ కమిటీలు ఎప్పుడు కూర్చున్నాయి, అందులో మనవాళ్ళు ఎవరున్నారు అని అడగడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి చాలు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 1996 నాటి పెసా చట్టం ఏజెన్సీ గ్రామసభలకు మత్తు పానీయాలను నియంత్రించే అధికారం, ఆదివాసీలకు అప్పులిచ్చేవాళ్ళ మీద అదుపు ఇచ్చింది. మనం మైదానంలో ఉన్నాం. మనకు ఆ చట్టం వర్తించదు. కొండ మీద ఆదివాసీకి ఉన్న ఆ రక్షణ కృష్ణా డెల్టాలోని యానాదికి లేదు. మరి సారా, వడ్డీ వ్యాపారం డెల్టాలో తక్కువా? ఇది అడగాల్సిన ప్రశ్న. అయితే 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద మన గ్రామసభ కూడా తీర్మానం చేయగలదు. బెల్టు షాపు తీసేయాలని, కాలనీకి వీధిదీపాలు, నీళ్ళు కావాలని, కాగితాలు లేని కుటుంబాల పట్టిక చదివి వినిపించాలని అడగగలదు. 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన సచివాలయాల్లో మహిళా పోలీసు కూడా ఉన్నారు. ఆమె మన ఇంటికి అనుమానంతో వస్తారా, ఆసరాగా వస్తారా అన్నది గ్రామసభలో మనం ఎంత గట్టిగా మాట్లాడతామన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

తీర్మానంతో ఏమవుతుంది అనేవాళ్ళకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేయాలి. 1990ల మొదట్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోసమ్మ లాంటి మామూలు పల్లెటూరి మహిళలు మొదలుపెట్టిన ఆ పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ళెవరూ సారా తాగే మగవాళ్ళ కులం పేరు అడగలేదు. వేలంపాటలో దుకాణం పాడుకున్నవాడి పేరు అడిగారు. 2025లో ఎక్సైజ్ శాఖ నాటుసారా నిర్మూలనకు ‘నవోదయం 2.0’ మొదలుపెట్టింది. కాచేవాళ్ళకు వేరే బతుకుదెరువు చూపించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. మన ఊళ్ళో కుండలు పగలగొట్టడం ఒక్కటే జరిగిందా, బతుకుదెరువు కూడా వచ్చిందా అని లెక్క అడగాల్సింది మనమే.

బయటి దేశాల నుంచి కూడా ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. మాఫియాతో ఎన్నో ఏళ్ళు నలిగిన ఇటలీ, 1991లో మాఫియా చొరబడిన మునిసిపల్ కౌన్సిళ్ళను రద్దు చేసే చట్టం తెచ్చింది. 1996లో ఇంకో చట్టం తెచ్చి, మాఫియా నుంచి జప్తు చేసిన ఇళ్ళూ పొలాలూ జనం అవసరాలకు వాడేలా స్థానిక మునిసిపాలిటీలకు ఇచ్చే వీలు కల్పించింది. సిసిలీలో అలాంటి పొలాల్లో ఇవాళ యువకుల సహకార సంఘాలు సాగు చేస్తున్నాయి. ఊరికి జరిగిన నష్టానికి ఊరే పరిహారం పొందింది. మన దగ్గర ఇసుక, గంజాయి, భూకబ్జా సొమ్ముతో కట్టిన మేడ జప్తు అయితే, అందులో ఒక ఎస్టీ బాలికల హాస్టలు పెట్టారని ఎప్పుడైనా విన్నామా?

మన ఇంటి లోపలి ప్రశ్న

ఇప్పటిదాకా ప్రభుత్వాన్ని అడిగాం. ఇక మనల్ని మనం అడుగుదాం. కాలనీలో ఒక కుర్రాడి చేతిలో ఉన్నట్టుండి కొత్త బండి, ఖరీదైన ఫోను కనిపిస్తాయి. అవి ఎక్కడివో అందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదపరు. ‘మనవాడే కదా, పోలీసులకు మనమే పట్టిస్తామా’ అంటారు పెద్దలు. ఆ మాట వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. ఒక్కడి పేరు చెబితే పదిమందిని తీసుకెళ్ళిన చరిత్ర మనది. తాతల కాలం నుంచి మౌనమే మనకు కవచం.

కానీ ఆ కవచం ఇవాళ ఎవరిని కాపాడుతోంది? ఆ కుర్రాడిని కాదు. వాడు రేపు పదేళ్ళ జైలుకు పోతాడు. వాడి చెల్లెలిని కాదు. ఆమెకు పెళ్ళి సంబంధం రాదు. కాపాడుతున్నది వాడి వెనక ఉండి సరుకు పంపేవాడిని. కులం పేరుతో నేరం మోపడం తప్పయినప్పుడు, కులం పేరుతో నేరాన్ని దాచడం ఒప్పెలా అవుతుంది? రెండింటిలోనూ మనిషి కనిపించడు, కులమే కనిపిస్తుంది.

అయితే పట్టించడం, దాచడం ఈ రెండేనా దారులు? మూడో దారి కూడా ఉంది, మనమే వేసుకోవాలి. కుర్రాడు ఇంకా పొట్లం దగ్గరే ఉన్నప్పుడు నలుగురు పెద్దలు కూర్చుని మాట్లాడాలి. అన్నగా, మామగా, టీచరుగా మాట్లాడాలి. బడి మానేసిన పిల్లవాడి ఇంటికి వారంలో వెళ్ళాలి, నెలలు గడవనివ్వకూడదు. నా అనుభవంలో చెరువుల పని మొదలయ్యే నెలల్లో ఖాళీ అయ్యే బెంచీలే ముఠాలకు తలుపులు. ఆ నెలల్లో సీజనల్ హాస్టలు అడగడం, తల్లిదండ్రుల కమిటీలో మన తల్లులు కూర్చునేలా చూడటం టీచర్ల పని. పిల్లలతో బలవంతంగా పని చేయిస్తుంటే 1098కు ఫోను చేయడం కూడా మన పనే.

యువకులకు ఇంకొన్ని మాటలు. అరెస్టు చేసినవారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం అందుతుంది, నంబరు 15100. ఎస్సీ, ఎస్టీల మీద కక్షతో తప్పుడు కేసు పెడితే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఈ మూడూ మన ప్రతి కాలనీలో గోడ మీద రాయదగ్గవి. హక్కు తెలిసినవాడు పోలీసును చూసి పరుగెత్తడు, ముఠాను చూసి తలవంచడు.

ఇక పంచాయతీ సభ్యులకు, కౌన్సిలర్లకు, అధికారులకు మన తరఫున ఒక మాట. ముఠాల మీద మీరు గెలిచారో లేదో, ఎంతమంది అనుమానితులను బైండోవర్ చేశారన్న లెక్క చెప్పదు. ఈ ఏడాది ఎన్ని కుటుంబాలు అడ్వాన్సు లేకుండా బతకగలిగాయి, ఎంతమంది పిల్లలు చెరువు గట్టు మీంచి బడికి తిరిగి వచ్చారు, సరుకు పంపేవాళ్ళలో ఎంతమంది పేర్లు కోర్టు దాకా వెళ్ళాయి అన్న లెక్కలు చెబుతాయి. వచ్చే గ్రామసభకు మన కాలనీల నుంచి పదిమంది వెళ్ళి ఈ మూడు లెక్కలూ అడగాలి. జవాబు రాకపోతే, ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకం పెట్టి రావాలి. ఒకప్పుడు మన తాతలు హాజరు పట్టీలో వేలిముద్ర వేశారు. మనం గ్రామసభ పుస్తకంలో సంతకం చేద్దాం.